రక్తం ముందుగా చెప్పగలదా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం మామూలుగా కరువు భత్యం బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీరు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టర్ని కాను. 1973లో పశుసంవర్ధక శాఖలో ఎల్.డి.సి.గా చేరి 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయిన మామూలు గుమాస్తాని. 36 ఏళ్లు ఫైళ్ల మధ్య కూర్చున్నా పశువైద్యుల మాటలు చెవిన పడుతూనే ఉండేవి. రిటైరయ్యాక తీరిక దొరికి కొంత చదివాను. తెలియని చోట మా పాత డాక్టర్లని అడిగి తెలుసుకున్నాను. అందులో నాకు అర్థమైనంత మీ ముందు పెడతాను.

విషయం ఒక్కటే. ఒకే సూక్ష్మజీవి విషం రెండు ప్రాణుల ఒంట్లో చేరితే ఒకటి రెండు రోజులు నలతపడి లేస్తుంది, ఇంకొకటి చచ్చిపోతుంది. ఏది లేస్తుందో, ఏది పోతుందో ముందుగానే రక్తం చూసి చెప్పవచ్చా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. ఒక గొర్రెల కాపరి అడిగాడు.

బలిసిన గొర్రెలే ఎందుకు?

1979లో నేను రాయలసీమలో ఒక జిల్లా ఆఫీసులో టీకాల ఇండెంటు సీటు చూసేవాణ్ణి. గొర్రెలకు చిటుకు రోగం టీకా తొలకరికి ముందు వేయాలి. వానలు పడి లేత పచ్చిక మొలిచాక వేస్తే ఉపయోగం తక్కువ. ఆ ఏడు ఒక పశువైద్యశాల నుంచి వచ్చిన ఇండెంటులో ఒక కాలం నింపలేదు. నేను అబ్జెక్షను రాసి వెనక్కి పంపాను. అది తిరిగి వచ్చాక కూడా కట్టలో అడుగున పడి నా టేబుల్ మీద తొమ్మిది రోజులు ఉంది. టీకా ఊరికి చేరేసరికి వానలు పడిపోయాయి.

కొన్నాళ్లకు ఆ ఊరి కాపరి ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. ఆయన మందలో పదకొండు గొర్రెలు పోయాయి. గొడవ పెట్టుకోవడానికి రాలేదు. వరండాలో గొంతుక్కూర్చుని మా డాక్టరుగారిని ఒకటే అడిగాడు: "సామీ, బలిసిన గొర్రెలే సస్తాండాయి. బక్కవి బాగానే తిరుగుతాండాయి. ఈ రోగానికి కండ్లున్నాయా ఏమి?"

డాక్టరుగారు ఆయన పక్కనే కూర్చుని చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి. ఈ రోగం తెచ్చే సూక్ష్మజీవి పేరు క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్, అందులో డి రకం. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లో కూడా ఇది కొద్దిగా ఉంటుంది, ఏమీ చేయదు. గొర్రె ఒక్కసారిగా లేత పచ్చికో, గింజలో కడుపునిండా మేస్తే, అరగని పిండిపదార్థం చిన్నపేగుల్లోకి దిగుతుంది. సూక్ష్మజీవికి అది పండగ భోజనం. గంటల్లో కోట్లకు పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. చిత్రమేమిటంటే, వదిలినప్పుడు ఆ విషానికి కోరలుండవు. గొర్రె పేగుల్లో ఆహారాన్ని అరిగించే ట్రిప్సిన్ రసమే దానికి కోరలు తెప్పిస్తుంది. ఆ తర్వాత అది పేగు గోడను దాటి రక్తంలో కలిసి మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సాయంత్రం బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది.

బాగా మేసేది బలిసిన గొర్రె. తల్లి పాలు పుష్కలంగా తాగేది ఒంటరిగా పుట్టిన పిల్ల. ఎక్కువ తిన్నదాని కడుపులో ఎక్కువ విషం పుడుతుంది. రోగానికి కళ్లు లేవు, మేతే దానికి దారి చూపిస్తుంది.

కాపరి తలూపి లేచి వెళ్లిపోయాడు. తొమ్మిది రోజుల సంగతి ఆయనకు తెలియదు. డాక్టరుగారికీ తెలియదు. నాకు తెలుసు.

రక్తంలో జమ ఎంత?

ఆ గొర్రెల రక్తం ముందుగా పరీక్షించి ఉంటే ఏం తెలిసేది? ఇలాంటి విషాల విషయంలో రక్తం చాలా చెబుతుంది.

1890లో జర్మనీలో బేరింగ్, జపాను నుంచి వెళ్లిన కిటసాటో కలిసి ఒక సంగతి కనిపెట్టారు. ధనుర్వాతం విషాన్ని తట్టుకునేలా తయారు చేసిన కుందేలు రక్తరసం తీసి ఎలుకకు ఎక్కిస్తే, ఎలుక కూడా ఆ విషాన్ని తట్టుకుంది. అంటే విషాన్ని విరిచే పదార్థం రక్తంలోనే ఉందన్నమాట. దాన్ని ప్రతివిషం అన్నారు. 1901లో వైద్యానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కే దక్కింది. 1897లో పాల్ ఎర్లిక్ ఈ ప్రతివిషాన్ని యూనిట్లలో కొలిచే పద్ధతి ఏర్పరచాడు. మన భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా "ఉంది, లేదు" అని మాత్రమే రాసే లెడ్జరులో ఆయన అంకెలు వేశాడు.

చిటుకు రోగానికీ ఇదే లెక్క. గొర్రె రక్తరసాన్ని తెలిసిన మోతాదు విషంతో కలిపి చిట్టెలుకలకు ఎక్కించేవారు. ఎలుక బతికితే రసంలో ప్రతివిషం చాలినంత ఉన్నట్టు, చస్తే లేనట్టు. తర్వాత రోజుల్లో ఎలైజా అనే పరీక్ష వచ్చి ఎలుకల అవసరాన్ని చాలావరకు తగ్గించింది. గాజుపాత్రలో పెంచిన కుక్క మూత్రపిండ కణాల మీద కూడా ఈ విషాన్ని పరీక్షించవచ్చు. టీకా మంచిదో కాదో తేల్చేదీ ఇలాగే. టీకాను కుందేళ్లకు వేసి, వాటి రక్తరసంలో ఎప్సిలాన్ ప్రతివిషం మిల్లీలీటరుకు కనీసం 5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలని యూరోపియన్ ఫార్మకోపియా నియమం పెట్టింది.

కాబట్టి మందలో కొన్ని గొర్రెల రక్తం తీసి చూస్తే టీకా పట్టిందో లేదో చెప్పవచ్చు. ఈనబోయే గొర్రెకు టీకా వేస్తే ముర్రుపాల ద్వారా పిల్లకు రక్షణ అందిందో లేదో కూడా చెప్పవచ్చు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రక్తం చెప్పేది జమ మాత్రమే. ఖర్చు ఎంత రాబోతుందో చెప్పదు. జమ కాస్త ఉన్న గొర్రె కూడా ఒక్కసారి జొన్న కంకుల మీద పడితే ఖాతా ఖాళీ అవుతుంది. జమ లేని బక్క గొర్రె ఎండుగడ్డి మేస్తూ ఏళ్లు బతుకుతుంది. అందుకే టీకాతో పాటు మేత మార్పు మెల్లగా చేయమంటారు. టీకా పడ్డ వెంటనే జమ పెరగదు. రెండో మోతాదు కూడా పడి, పది పదిహేను రోజులు గడవాలి. తొమ్మిది రోజులంటే ఎంతో నాకు అప్పుడు తెలియదు.

రెండో రకం విషం

ఇప్పటిదాకా చెప్పింది సూక్ష్మజీవి బయటికి వదిలే విషం. ఇంకో రకం ఉంది. అది సూక్ష్మజీవి ఒంటి గోడలోనే భాగం. దీన్ని ఎండోటాక్సిన్ అంటారు. ఇ. కోలై, టైఫాయిడ్ క్రిమి వంటివాటిలో ఉంటుంది. 1892 ప్రాంతంలో రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిమి మీద పనిచేస్తూ, చచ్చిన క్రిమి కూడా విషమే అని గమనించాడు.

ఈ విషం నేరుగా మనల్ని చంపదు. దాన్ని చూసి మన ఒళ్లు చేసే హడావుడే మనల్ని చంపుతుంది. తెల్లకణాలు దీన్ని గుర్తుపట్టి టి.ఎన్.ఎఫ్. వంటి సంకేత పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. వాటివల్ల చలి, జ్వరం వస్తాయి. హడావుడి అదుపులో ఉంటే రోగం తగ్గుతుంది. అదుపు తప్పితే రక్తపోటు పడిపోయి ఒక్కో అవయవం పని మానేస్తుంది. దానికే సెప్సిస్ అని పేరు.

ఈ హడావుడిలో ప్రాణికీ ప్రాణికీ చాలా తేడా ఉంది. మనిషి, గుర్రం, కుందేలు కొద్దిపాటి ఎండోటాక్సిన్‌కే కదిలిపోతాయి. మనిషికి చలిజ్వరం తెప్పించే మోతాదు చిట్టెలుకను కదిలించనైనా కదిలించదు. ఒకే జాతిలో కూడా తేడాలుంటాయి. సి3హెచ్-హెచ్‌ఇజె అనే ఒక వంశం చిట్టెలుకలు, తోటి ఎలుకలను చంపే మోతాదు ఎక్కించినా మామూలుగా తిరిగేవి. కారణం వెతకడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందం దాన్ని పట్టుకుంది. ఆ ఎలుకల్లో టి.ఎల్.ఆర్.4 అనే జన్యువులో ఒక అక్షరం మారి ఉంది. ఎండోటాక్సిన్‌ను గుర్తుపట్టే తలుపు గంట అదే. గంట చెడిపోయింది కాబట్టి ఇల్లు ఉలిక్కిపడటం లేదు. బాయిట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది.

"అయితే ఆ ఎలుకలు అదృష్టవంతులు" అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అవే ఎలుకలకు చచ్చిన క్రిమి విషం కాకుండా బతికున్న సాల్మొనెల్లా క్రిమిని ఎక్కిస్తే, మామూలు ఎలుకలు తట్టుకునే కొద్ది సంఖ్యకే ఇవి చచ్చిపోతాయి. గంట మోగని ఇంట్లో దొంగ తీరిగ్గా పని చూసుకుంటాడు.

ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో జరిగింది

2017లో మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు. జ్వరం లేదు. అన్నం సరిగా తినడం లేదు, మనిషి మాటిమాటికీ నిద్రలోకి జారుకుంటోంది. రెండో రోజు పొద్దున నన్ను చూసి "ఆఫీసుకు టైమవలేదా?" అంది. నేను రిటైరై అప్పటికి ఎనిమిదేళ్లు. నవ్వి ఊరుకున్నాను. థర్మామీటరు పెట్టి చూస్తే మామూలుగానే ఉంది. వయసు మీద పడిందిలే, రేపు చూద్దాం అనుకున్నాను. మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి రక్తపోటు అందడం లేదు. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. పరీక్షలో ఇ. కోలై అని తేలింది. అయిదో రోజు వెళ్లిపోయింది.

అదే నెలలో మా వీధిలో ఇంకొకావిడకు అదే క్రిమి, అదే ఇన్‌ఫెక్షన్. ఆమెకు 103 డిగ్రీల జ్వరం వచ్చి వణికిపోయింది. ఇంట్లోవాళ్లు భయపడి ఆ రాత్రే తీసుకెళ్లారు. నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చింది.

కర్మకాండలయ్యాక నేను ఆ ఆస్పత్రి డాక్టరుగారిని కలిశాను. చిన్నవాడు. "బాబూ, ముందుగానే రక్తం పరీక్ష చేయించి ఉంటే ఈమెకు ఇది తట్టుకునే శక్తి లేదని తెలిసేదా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "అలా చెప్పే పరీక్ష మా దగ్గర లేదు అంకుల్. వయసు మళ్లినవాళ్లకి చాలాసార్లు జ్వరం రాదు. మనిషి తికమకపడటమే మొదటి గుర్తు" అన్నాడు. ఆ మాట ముందే తెలిసి ఉంటే బాగుండేది.

మా ఆవిడ జన్యువుల్లో ఏముందో నాకు తెలియదు. ఎలుక సంగతి మనిషికి అంటగట్టడం కూడా తగదు. జ్వరం లేకపోవడం క్షేమానికి గుర్తు కాదని మాత్రం నాకు అప్పుడు తెలిసింది.

పరీక్షలు ఎంతదాకా వచ్చాయి?

ఈ రెండో రకం విషానికి ఎవరు ఎలా స్పందిస్తారో రక్తం చూసి చెప్పే ప్రయత్నాలు పశువుల్లో బాగానే జరిగాయి. ఆవుల్లో పొదుగువాపు మీకు తెలిసిందే. ఇ. కోలై వల్ల వచ్చే పొదుగువాపు ఒక ఆవుకు రెండు రోజుల్లో తగ్గితే, పక్కనున్న ఆవును చంపుతుంది. ఈనిన కొత్తలో మరీ ప్రమాదం. 1990లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో బుర్వెనిక్ బృందం ఆవుల పొదుగులోకి ఇ. కోలై ఎక్కించడానికి ముందే వాటి రక్తం తీసి, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల చురుకుదనం కొలిచింది. ఈ కణాలు క్రిములను చంపేటప్పుడు మన కంటికి కనబడనంత సన్నని వెలుగు వస్తుంది. దాన్ని యంత్రంతో కొలవవచ్చు. ముందుగా ఎక్కువ వెలుగు చూపిన ఆవులకు రోగం తేలిగ్గా పోయింది, తక్కువ చూపినవాటికి తీవ్రంగా వచ్చింది. నేను చదివినవాటిలో ఆ కాపరి ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన జవాబు ఇదే.

ఇంకో పద్ధతిలో కొద్దిగా రక్తం తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, గొట్టంలోనే ఎండోటాక్సిన్ చుక్క వేస్తారు. ఒంటి వేడిలో కొన్ని గంటలు ఉంచి టి.ఎన్.ఎఫ్. ఎంత పుట్టిందో కొలుస్తారు. ప్రాణికి హాని లేదు. మనుషుల రక్తంతో చేసినా ఒకరికీ ఒకరికీ బాగా తేడా కనబడుతుంది. సెలైను, ఇంజెక్షన్లలో జ్వరం తెప్పించే మలినం ఉందో లేదో చూడటానికి ఇలాంటి పరీక్షనే 2010లో యూరోపియన్ ఫార్మకోపియాలో చేర్చారు. అంతకుముందు ఆ పని కుందేళ్లతో చేసేవారు.

మరి ఆవుకు ఒకసారి, మనిషికి ఒకసారి ఈ పరీక్ష చేసి జాతకం రాసిపెట్టవచ్చా? కుదరదు. 1940ల్లో పాల్ బీసన్ అనే అమెరికా వైద్యుడు కుందేళ్లలో చూపించాడు: ఇదే విషం కొద్దికొద్దిగా రోజూ ఎక్కిస్తే కుందేలు అలవాటుపడి జ్వరం తెచ్చుకోవడం మానేస్తుంది. మానితే మళ్లీ కొన్నాళ్లకు మొదటికి వస్తుంది. అంటే నిన్నటి రక్తం చెప్పింది రేపటి రక్తం చెప్పదు. ఈనడం, వయసు, మేత, ఇటీవల వచ్చిన జబ్బు, వాడే మందులు అన్నీ జవాబును మారుస్తాయి. పైగా గొట్టంలో ఎక్కువ టి.ఎన్.ఎఫ్. వస్తే మంచిదా, తక్కువ వస్తే మంచిదా? మరీ ఎక్కువైతే ఒళ్లే కాలిపోతుంది, మరీ తక్కువైతే దొంగ లోపలికి వస్తాడు. ఇది పాస్‌బుక్కు వంటిది. ఆ రోజు నిల్వ చెబుతుంది, వచ్చే నెల సంగతి చెప్పదు.

మనం చేయగలిగింది

పెద్దలారా, ఇంత చెప్పి వట్టి చేతులతో పంపడం నా ఉద్దేశం కాదు. నాలుగు మనవులు.

మొదటిది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, అదేపనిగా నిద్రపోతున్నా, ఆయాసంగా ఊపిరి తీస్తున్నా, మూత్రం తగ్గినా, చేతులు కాళ్లు చల్లబడినా, థర్మామీటరు ఏం చెప్పినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించండి. రేపటిదాకా ఆగకండి. ఇక్కడున్న పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోతే నాకు చాలు.

రెండోది. ధనుర్వాతం మొదటి రకం విషం జబ్బు. రక్తంలో జమ ఉంటే ఆగుతుంది. వయసుతో జమ తరుగుతుంది. పెరట్లో పనిచేసేవాళ్లు, పశువుల దగ్గర తిరిగేవాళ్లు బూస్టరు సంగతి డాక్టర్ని అడగండి.

మూడోది. ఊళ్లో గొర్రెలు, పశువులు ఉన్నవాళ్లు టీకాలు వానలకు ముందే వేయించండి. చిటుకు రోగం, గొంతువాపు, జబ్బవాపు మూడూ టీకాతో ఆపగలిగినవే.

నాలుగోది. "ఒక్క రక్తపరీక్షతో మీ రోగనిరోధక శక్తి మొత్తం చెబుతాం" అనే ప్రకటన కనబడితే, పెన్షను డబ్బు తీసే ముందు మీ డాక్టరును ఒక మాట అడగండి.

చివరగా ఒక మాట. రక్తం ముందుగా చెప్పగలదా అని అడిగాను. కొంత చెబుతుంది. దాన్ని విని సమయానికి కదలడం మాత్రం మన పని. నేను ఒకసారి తొమ్మిది రోజులు, ఇంకోసారి రెండు రోజులు ఆలస్యం చేశాను. ఆ పదకొండు గొర్రెల సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ కాపరి ఇప్పుడు లేడు. మీ ముందైనా చెప్పుకుందామని ఈ వేదిక ఎక్కాను.